బిగ్ బ్లైండ్‌కు పాసుబుక్కు ఇవ్వాలి

దొంగతనాన్ని దొంగతనమని ఒప్పుకునే నిజాయతీ నాకు పోకర్ అనే పేకాటలోనే కనిపించింది. మా హన్మకొండలో పక్కవాడి ప్లాటులోకి నాలుగడుగులు గోడ జరిపినవాడు దాన్ని ఎన్నడూ కబ్జా అనడు. "జరంత సర్దుకున్నం" అంటాడు. పోకర్‌లో అట్లా కాదు. ముక్కలు పంచకముందే ఆటగాడు కట్టే గింజలే బ్లైండ్. "నీ బ్లైండ్ దొంగిలించిన" అని మొహం మీదే చెప్పి గింజలు దగ్గరికి లాక్కుంటారు. కేసు లేదు, పంచాయితీ లేదు.

గింజలు అన్నాను, పోలీసు మిత్రులు గమనించగలరు. 2017లో మన రాష్ట్రం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి నైపుణ్యపు ఆటలకున్న మినహాయింపు తీసేసింది. 2025లో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనే నిషేధించింది. అందుకని మా డాబా మీద శనివారం రాత్రి తొమ్మిది మందిమి, మనిషికి 100 చింతగింజలు, పైసా పందెం లేదు. చివరిదాకా మిగిలిన ముగ్గురికి సర్వపిండి మొదటి వాయి, తక్కినవాళ్లకు ఆ తర్వాత. వాయి వరుస పందెం కిందకు వస్తుందా అని మాలో ఉన్న వకీలును అడిగితే, ఆయన మొదటి వాయి తింటూ రాదన్నాడు.

మూడు ముక్కలాట ఆడినవాళ్లు బ్లైండ్ అంటే ముక్కలు చూడకుండా ఆడటం అనుకుంటారు. ఇది వేరు. ఇక్కడ బ్లైండ్ అంటే ముక్కలు పంచకముందే ఇద్దరు వంతులవారీగా కట్టి తీరాల్సిన శిస్తు. ఆట మొదట్లో ఒకటి, రెండు గింజలు. వాటిని ఎవడు ఎత్తుకుపోయినా ఎవరికీ పట్టదు. ఇరవై నిమిషాలకోసారి పెరుగుతూ రాత్రి పదిన్నరకల్లా స్మాల్ బ్లైండ్ 5, బిగ్ బ్లైండ్ 10 అవుతాయి. బిగ్ బ్లైండ్ వాడే యాంటీ పేరుతో ఇంకో 10 కట్టాలి. అంటే ఎవరూ తమ ముక్కలు చూసుకోకముందే మధ్యలో, అంటే పాట్‌లో, 25 గింజలు, ప్రహరీ లేని ప్లాటులాగా.

అలాంటి ప్లాటు కనబడితే ఊరుకోలేని మనిషి మాలో ఒకాయన ఉన్నాడు. రిటైర్డ్ సర్వేయర్, నేను కాకా అని పిలుస్తాను. పంచే వంతును చూపే బటన్ తన ముందుకు వచ్చిందంటే, ముందున్నవాళ్లంతా ముక్కలు పడేసి తప్పుకున్నారంటే, ముక్కల అంచు మాత్రం ఎత్తి చూసి "ఇరవై" అంటాడు. దీన్నే రెయిజ్ అంటారు, 25 కోసం 20 పెట్టాడన్నమాట. వందలో 45 సార్లు బ్లైండ్లవాళ్లిద్దరం పడేస్తే చాలు, ఆయనకు నష్టమే లేదు. మేం అంతకు రెట్టింపు పడేస్తాం. పైగా "ముక్కలు రాలేదు కాకా" అని సంజాయిషీ కూడా ఇచ్చుకుంటాం.

నా లెక్క ఇంకా సిగ్గుచేటు. బిగ్ బ్లైండ్‌లో ఉన్న నేను ఇంకో 10 వేస్తే, అప్పటికే మధ్యలో ఉన్న 45కు పోటీదారునవుతాను. వందలో పంతొమ్మిది సార్లు గెలిచినా లాభమే. ఆ లెక్కన పేకలోకెల్లా దరిద్రపు జతగా పేరుపడిన ఏడు, రెండు కూడా సరిపోతుంది. కాకపోతే ఆ లెక్క మధ్యలో అందరికీ ఉమ్మడిగా పరిచే ఐదు ముక్కలూ తెరిచేదాకా కూర్చోగలిగినవాడికి. నేను కాల్ చేస్తాను, అంటే ఆ 10 వేస్తాను, ఫ్లాప్‌లో, అంటే మొదట తెరిచే మూడు ముక్కల్లో, ఏమీ కలవదు, కాక ఇంకో పదిహేను వేస్తాడు, నేను దండం పెడతాను. ప్రహరీ కట్టించి గేటు తీసిపెట్టినట్టు.

ఒకరోజు ఆగలేక అడిగేశాను. "వారం వారం నా బ్లైండే గుంజుకుంటున్నవ్ కాకా."

"నీదెట్లయితది కొడుకా? పెట్టినంక అది పాట్‌ది. నీ పేరు మీద ఉన్నదా?"

ఉద్యోగం పొడుగునా గొలుసు పట్టి పొలాలు కొలిచిన మనిషి అడిగిన ప్రశ్న ఇది. జవాబు లేదు. అందుకే ప్రభుత్వానికి నా విన్నపం: టోర్నమెంటు చివరి గంటలో బిగ్ బ్లైండ్ పెట్టే ప్రతి పౌరుడికీ పట్టాదారు పాసుబుక్కు ఇవ్వాలి. హద్దురాళ్లు మేమే పాతుకుంటాం.

నిజానికి రక్షణ విషయంలో మన ఊరికి పాత అనుభవమే ఉంది. ఖిలా వరంగల్‌కు బయట మట్టికోట, లోపల రాతికోట; చిన్న బ్లైండ్, పెద్ద బ్లైండ్. ఢిల్లీ సేనాని మాలిక్ కాఫర్ మట్టికోట పట్టుకుని రాతికోట మీదికి రాగానే, 1310లో ప్రతాపరుద్రుడు ఏనుగులూ గుర్రాలూ ధనమూ ఇచ్చి సంధి చేసుకున్నాడు. ఒకసారి ఇచ్చినవాడి దగ్గరికి మళ్లీ వస్తారని బటన్ మీద కూర్చున్న ఎవరికైనా తెలుసు. తర్వాత ఢిల్లీ యువరాజు ఉలుగ్ ఖాన్ ముట్టడించినప్పుడు ఢిల్లీలో సుల్తాను పోయాడన్న పుకారు ఖాన్ శిబిరంలోనే పుట్టి, సైన్యం చెదిరి వెనక్కి పోయింది. 1323లో అదే ఉలుగ్ ఖాన్ తిరిగొచ్చాడు, ఈసారి కోట పోయింది. మనవాళ్లు తోరణాల దగ్గర సెల్ఫీలు దిగుతారు గానీ ఈ రెండో రెయిజ్ సంగతి ఎవరూ తలచుకోరు.

నేను తలచుకున్నాను, మొన్నటి శనివారం. నలుగురం మిగిలాం. కాక దగ్గర 480, వకీలు దగ్గర 200, నా దగ్గర 190, మూలన ఒక తమ్ముడి దగ్గర 30. ఏమీ ఆడకుండా కూర్చుంటే నా గింజలు ముప్పై డీళ్లు వస్తాయి, అదీ బ్లైండ్లు పెరక్కపోతే. రెండు ఆసులు ఒకే చేతికి వచ్చేది సగటున 221 డీళ్లకోసారి. వంటింట్లోంచి నువ్వులు, పల్లీలు కాలుతున్న వాసన. బటన్ మీద కాక "ఇరవై" అన్నాడు. నా చేతిలో ఆసు, ఐదు. వందేళ్ల... కాదు, ఏడు వందల ఏళ్ల అవమానం గుర్తొచ్చి మొత్తం 190 ముందుకు తోసేశాను. ఆల్ ఇన్.

తమ్ముడు అటో ఇటో మూడు డీళ్లలో పోయేవాడే. వాడు పోయేదాకా నేను ఊరికే కూర్చోవాల్సింది, అందులోనూ నన్ను ఖాళీ చేయగలిగిన కాకతో అసలు పెట్టుకోకూడదు. ఇది నాకు తెలుసు. పక్కింటి గోడ కేసులో లాయర్ ఫీజు స్థలం ధర దాటిందని తెలిసీ వాయిదాలకు తిరిగేవాళ్లకు కూడా తెలుసు.

కాక ముక్కలు తిప్పాడు. రెండు ఎనిమిదులు. దొంగ దగ్గర అప్పుడప్పుడు అసలు పట్టా కూడా ఉంటుంది. ఆసు రాలేదు.

నాలుగో స్థానం. 30 గింజల తమ్ముడు ఒక్క ముక్క కూడా ఆడకుండా మొదటి వాయి తిన్నాడు. నాకు వచ్చేసరికి అంచులు మెత్తబడ్డాయి.

ఇక లాభం లేదని ఈ శనివారం నా గింజల ముందు ఒక అట్టముక్క నిలబెట్టాను: "ఈ స్థలం అమ్మబడదు. కోర్టు కేసులో ఉన్నది." కాక కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు చూశాడు. జేబులోంచి టేపు తీసి కొలిచాడు. బోర్డు రెండు అంగుళాలు తన వైపు వచ్చిందట.