తోటకూర కోసం క్రీట్ దాకా

సెలవంటే విశ్రాంతి అని నమ్మే బాధ్యత లేని మనుషులు మన మధ్య ఇంకా ఉన్నారు. పొద్దెక్కేదాకా పడుకోవడం, అత్తారింటికెళ్లి గారెలు తినడం, తిన్నది అరక్క మళ్లీ పడుకోవడం. వీళ్లతో వాదించి లాభం లేదు. ఈ వ్యాసం బాధ్యత తెలిసినవాళ్ల కోసం. అంటే వచ్చే జూన్‌లో మధ్యధరా సముద్రంలోని ద్వీపానికి వెళ్లి, పగలు కొండలు దిగి, రాత్రి స్థానిక భోజనం చేసి, రెండిటికీ ఫొటో సాక్ష్యాలు భద్రపరచాలనుకునే గృహస్థుల కోసం.

ఏ ద్వీపం అన్నదాంట్లో చర్చకు తావు లేదు. సాంటోరిని కొత్త జంటలకు వదిలేశాం. నీలి గుమ్మటం ముందు ఫొటో కోసం క్యూలో నిలబడే వయసు మా యాత్రా కమిటీలో ఎవరికీ లేదు. మాకు క్రీట్. గ్రీసు ద్వీపాలన్నిటిలోకీ పెద్దది. ఈ కొస నుంచి ఆ కొసకు 260 కిలోమీటర్లు, మధ్యలో 2,456 మీటర్ల ప్సిలోరిటిస్ శిఖరం, దక్షిణపు ఒడ్డున రోడ్డే లేని ఊళ్లు. "260 కిలోమీటర్లేగా, హైదరాబాద్ నుంచి విజయవాడంత. పొద్దున బయల్దేరితే ఆ కొసన భోంచేసి రాత్రికి వచ్చేయొచ్చు" అన్నాడొక సభ్యుడు. అక్కడి కొండ రోడ్ల మెలికలు మ్యాప్‌లో పెద్దవి చేసి చూపించి, ఆయన్ను డ్రైవింగ్ ఉపసంఘం నుంచి గౌరవంగా తప్పించాం.

అసలు చిక్కు ముహూర్తం దగ్గర వచ్చింది. క్రీట్ కొండల్లో అడవి ఆకుకూరలు వానలు పడ్డాక మొలిచి, చలికాలం నుంచి వసంతం దాకా దొరుకుతాయి. నడవాల్సిన సమారియా గండి, అంటే రెండు కొండల మధ్య ఇరుకు లోయ, మాత్రం వరదల భయంతో చలికాలమంతా మూసి ఉంటుంది. మే నుంచి అక్టోబరు దాకానే జనాన్ని వదులుతారు. అంటే నాలుక సీజను వేరు, కాళ్ల సీజను వేరు. పైగా బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు. అన్నీ కలిపి చూస్తే జూన్ మొదటి వారం తేలింది. ఆ మాట తేలడానికి ఎన్ని ఆదివారాలు ఖర్చయ్యాయో లెక్క రాయలేదు.

ఇక గ్రీసుతో పాటు చాలా యూరప్ దేశాలకు ఒక్కటే చెల్లే షెంజెన్ వీసా. దీన్ని తిట్టేవాళ్లంతా అజ్ఞానులని మా కమిటీ అభిప్రాయం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు, పెద్దవాళ్లకు తలా 90 యూరోలు, 30,000 యూరోలకు తగ్గకుండా వైద్య బీమా, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఏ రాత్రి ఏ ఊళ్లో ఏ మంచం మీద పడుకుంటామో ఒక పట్టిక. మనింట్లో రేపు పొద్దున టిఫినేంటో ఈ రాత్రికి తేలదు. అలాంటి కుటుంబం చేత ఆరో రోజు సాయంత్రం ఏ రేవులో పడవ ఎక్కుతామో రాయించిన వ్యవస్థను మెచ్చుకోవాలి. పర్యటన ఉద్దేశం అన్న గడి దగ్గర మాత్రం కాస్త తటపటాయించాం. నిజం రాయాలంటే "తోటకూర" అని రాయాలి. ఎందుకో కింద చెప్తాను.

ముందు నడక. సమారియా గండి ఒమాలోస్ అనే పీఠభూమి అంచున, సముద్రమట్టానికి 1,200 మీటర్ల పైన మొదలవుతుంది. క్సిలోస్కాలో అనే మెట్లదారి పట్టుకుని దిగుతూ పోతే 16 కిలోమీటర్ల తర్వాత ఆయియా రుమేలి అనే ఊరి దగ్గర సముద్రం వస్తుంది. దారిలో ఒకచోట రెండు కొండలూ నాలుగు మీటర్ల దాకా దగ్గరికొచ్చేస్తాయి, గోడలేమో దాదాపు 300 మీటర్ల ఎత్తు. కడప జిల్లాలో గండికోట ఉంది కదా, ఇంతోటిదానికి అంత దూరమెందుకని అడిగిన మనిషిని గ్రూపులోంచి తీసేశాం.

గండిలో ఒకప్పుడు సమారియా అనే ఊరుండేది. 1962లో ఆ ప్రాంతాన్ని జాతీయ పార్కు చేసినప్పుడు ఊళ్లో మిగిలినవాళ్లను ఖాళీ చేయించారు. పొట్టకూటి కోసం రోజూ నడిచే మనుషులు ఉంటే ప్రకృతి పాడవుతుంది. టికెట్ కొని నడిచేవాళ్లతో ఆ ఇబ్బంది లేదు. ఇప్పుడక్కడ పాత రాతి ఇళ్లు, వాటి మధ్య క్రి-క్రి అనే కొమ్ముల కొండమేకలు ఉంటాయి. మేకలకు వీసా అక్కర్లేదు.

వీధి చివర కొత్తిమీర కట్టకు కూడా స్కూటర్ తీసే మా బావగారు ఈ 16 కిలోమీటర్ల కోసం చేస్తున్న తపస్సు చూసి తీరాలి. గండి అంతా దిగుడే కాబట్టి సాధన కూడా దిగుడే ఉండాలని ఆయన సిద్ధాంతం. రోజూ పొద్దున్నే కొత్త ట్రెక్కింగ్ బూట్లు బిగించి, రెండు చేతుల్లో రెండు కర్రలు పట్టుకుని, లిఫ్టులో పై అంతస్తుకు వెళ్తారు. అక్కణ్నుంచి టక్కు టక్కుమంటూ మెట్ల మీద సెల్లార్ దాకా దిగుతారు. మళ్లీ లిఫ్టెక్కుతారు. వాచ్‌మన్ కొన్నాళ్లు ఓపిక పట్టి, "లిఫ్టు కిందికి కూడా వస్తది సార్" అన్నాడు. బావగారు ఆ మాటకు బాధపడలేదు, మోకాలికి పడ్డారు. గండిలో కాలు బెణికినవాళ్లను పార్కు సిబ్బంది కంచరగాడిద మీద తీసుకొస్తారని తెలిశాక ఎక్సెల్ షీట్‌లో దానికొక గడి పెట్టి, ముందే బుక్ చేసుకోవచ్చేమో కనుక్కోమన్నారు. అలాంటి సదుపాయం లేదు. ఆయియా రుమేలి నుంచి బయటికి రోడ్డూ లేదు. సాయంత్రం పడవ తప్పితే ఆ రాత్రి అక్కడే. ఆ మంచం వీసా పట్టికలో ఉండదు కాబట్టి దీని మీద ఇంట్లో కొంచెం టెన్షన్ ఉంది.

ఇప్పుడు భోజనం. ఇక్కడ చరిత్ర తెలియాలి. రెండో ప్రపంచ యుద్ధంలో నలిగిపోయిన క్రీట్‌కు 1948లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ అనే అమెరికా దాతృత్వ సంస్థ వాళ్లు వెళ్లి, ఇల్లిల్లూ తిరిగి జనం ఏం తింటున్నారో లెక్క రాశారు. రొట్టె, పప్పుధాన్యాలు, అడవి ఆకులు, పండ్లు, వీటన్నిటి మీదా ఆలివ్ నూనె. మాంసం ఎప్పుడో ఒకసారి. తర్వాత 1958లో మొదలైన ఏడు దేశాల అధ్యయనంలో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ బృందం మగవాళ్ల గుండెలను ఏళ్ల తరబడి గమనిస్తే, గుండెజబ్బు చావులు అతి తక్కువగా కనబడింది క్రీట్ పల్లెల్లోనే. అప్పట్నుంచి ఆ పళ్లెం ప్రపంచానికి ప్రిస్క్రిప్షన్ అయింది. 2010లో యునెస్కో మధ్యధరా భోజనాన్ని వారసత్వ జాబితాలోకి కూడా ఎక్కించింది.

1948 సర్వేలో ఒక చిన్న వివరం మాత్రం డైట్ చార్టుల్లో ఎవరూ వేయరు. ఈ తిండితో తృప్తిగా ఉన్నారా అని అడిగితే, ఉన్నామన్నది ఆరిళ్లలో ఒక్క ఇల్లు. ఏం కావాలంటే ఎక్కువమంది మాంసం కావాలన్నారు. పాపం, తమది ఆరోగ్య రహస్యమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. వాళ్లది ఆకలి అనుకున్నారు. కొండ మీద పొద్దుటి నుంచి మేకల వెంట తిరిగి, దొరికిన ఆకు ఉడకబెట్టుకుని తిన్నారు. ఆ దినచర్యనే ఇప్పుడు మేం నడక ఒక గడిలో, ఆకు ఇంకో గడిలో పెట్టి, యూరోల్లో కట్టి, పది రోజులు అనుభవించి రాబోతున్నాం. క్రీట్ కుర్రాళ్లేమో ఈలోగా పీటా రొట్టెలో మాంసం, దాని మీద ఆలూ ఫ్రైలు చుట్టించుకుని మోటార్‌సైకిల్ మీద వెళ్లిపోతున్నారు. తాతల పథ్యం కాపాడే బరువంతా మా కమిటీ మీద పడింది.

తోటకూర సంగతికొద్దాం. అక్కడి భోజనశాలల్లో హోర్తా అని ఒక పళ్లెం ఉంటుంది. ఉడికించిన ఆకుకూర, పైన ఆలివ్ నూనె, పక్కన నిమ్మచెక్క. ఎండాకాలంలో ఆ హోర్తా చాలాసార్లు వ్లీతా. వ్లీతా అంటే తోటకూరే. పోలిక కాదు, చుట్టరికం కాదు, ఆ జాతి మొక్కే. సలాడ్‌లో పచ్చిగా వేసే గ్లిస్ట్రిడా అయితే మన గంగవాయిలి కూర, మన చేలల్లో కలుపని పీకి గట్టు మీద పారేసేది. మా ఇంట్లో తోటకూర పులుసు చేసిన రోజు పిల్లలు బయటి నుంచి ఫుడ్ తెప్పించుకుంటారు. అదే పిల్లలు క్రీట్ జాబితాలో వ్లీతా పక్కన మూడు నక్షత్రాలు పెట్టారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. పెరడు క్రీట్‌లో ఉంటే పనికొస్తుంది.

డాకోస్ గురించి హెచ్చరిక అవసరం. రెండుసార్లు కాల్చిన బార్లీ రొట్టె, నెలల తరబడి పాడవకుండా ఉండటానికి చేసుకున్నది. దాన్ని ముందు నీళ్లతో తడిపి, తురిమిన టమాటా గుజ్జు పరిచి, మిజిత్రా అనే తెల్ల జున్ను చిదిమి, వాము ఘాటుకు దగ్గరగా ఉండే ఒరెగానో చల్లి, నూనె ధారగా పోస్తారు. గుజ్జులోని రసం దిగి రొట్టె అడుగు మెత్తబడేదాకా ఆగాలి. ఆగకుండా కొరికితే ఆ 30,000 యూరోల బీమా పళ్లకు వర్తిస్తుందా అన్న సందేహం వస్తుంది.

శాకాహారుల బాధ్యత వదినగారు తీసుకున్నారు. గ్రీకు ఆర్థడాక్స్ క్రైస్తవంలో బుధ, శుక్రవారాలు, ఈస్టర్‌కు ముందు, క్రిస్మస్‌కు ముందు, ఆగస్టు మొదటి పక్షం, అన్నీ కలిపితే ఏడాదిలో ఇంచుమించు సగం రోజులు ఉపవాస నియమాలే. మాంసం, పాలు, గుడ్లు పనికిరావు. ఈ సంగతి విని వదినగారు పొంగిపోయారు. హోటల్లో "నిస్తీసిమా" అని ఉపవాస వంటకాలు అడిగితే చాలు, గొడవ లేదని ఆ మాట కంఠస్థం చేశారు. ఆ తర్వాత పూర్తి జాబితా చదివారు. రక్తం లేని జీవుల కింద లెక్క కాబట్టి ఆక్టోపస్, రొయ్యలు, నత్తలు ఉపవాసంలో చెల్లుతాయి. నత్తలను క్రీట్‌లో ఉప్పు పరిచిన పెనం మీద బోర్లించి వేయించి, వెనిగర్, రోజ్‌మెరీ వేస్తారు. మా కార్తీక మాసంలో ఇలాంటి వెసులుబాటు లేదేమిటని బావగారు గట్టిగానే అడిగారు. సమాధానం రాలేదు.

భోజనం చివర అడగకుండానే చిన్న సీసాలో రాకీ అనే ద్రాక్ష సారా, కాసిని పండ్లు తెచ్చి పెడతారు. బిల్లులో వేయరు. ఈ వాక్యం చదివిన రోజు గ్రూపులో వచ్చినన్ని మెసేజీలు పెళ్లి కుదిరినప్పుడు కూడా రాలేదు.

చివరగా సామాను. యూరప్ బయటి నుంచి వచ్చే ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్లకూడదు. కాబట్టి నెయ్యి రద్దు. కందిపొడికి అడ్డు లేదు, ఆలివ్ నూనెతో కలుపుకోవాలని సర్క్యులర్ పంపాం. పచ్చి మొక్కలకు, ఆకులకు మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ కావాలి. అంటే తోటకూర తినడానికి సముద్రాలు దాటుతున్నవాళ్లు ఒక్క కరివేపాకు రెమ్మ జేబులో పెట్టుకోవడానికి వీల్లేదు. సర్టిఫికెట్ అక్కర్లేని పండ్లు ఐదే: అరటి, ఖర్జూరం, అనాస, డూరియన్, కొబ్బరికాయ. ఆ ఐదోది చూడగానే కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఇంటికొక కొబ్బరికాయ తెచ్చుకోవాలి, గండిలోకి దిగే ముందు క్సిలోస్కాలో మొదటి మెట్టు దగ్గర బావగారి మోకాలి పేరు మీద కొట్టాలి. జాతీయ పార్కు కాబట్టి చిప్పలు, పీచు ఏరి సంచిలో వేసుకునే పని పిల్లలది. మేకలకు ప్రసాదం పెట్టరాదు.