గుట్టు దాచాల్సింది అమ్మ దగ్గర, పాఠకుడి దగ్గర కాదు

టీనేజ్ నవలల్లో ఒక తొండి మామూలైపోయింది. పదహారేళ్ల పిల్ల "నేను" అంటూ తన కథ తానే చెబుతుంటుంది. "ఆ రాత్రి జరిగింది ఎవరికీ చెప్పలేను" అని మొదటి పేజీలోనే అనేస్తుంది. ఇక మూడొందల పేజీల దాకా ఆ మాటే తిప్పి తిప్పి చెబుతుంది. తీరా సంగతి బయటపడ్డాక, ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. మనల్ని తన బుర్రలో కూర్చోబెట్టుకుని, అందులో రోజంతా గిరగిరా తిరిగే ఆలోచన ఒక్కటే మనకి కనబడకుండా చేస్తే అది సస్పెన్స్ ఎలా అవుతుంది? దెబ్బ తగిలి జ్ఞాపకం చెదిరిన పాత్రైతే సరే, ఒప్పుకుంటాను. మిగతావాళ్లకి ఆ వెసులుబాటు లేదు.

1973లో లోయిస్ డంకన్ రాసిన 'ఐ నో వాట్ యూ డిడ్ లాస్ట్ సమ్మర్' చూడండి. సైకిల్ మీద వెళ్తున్న పిల్లాణ్ణి కారుతో గుద్ది, ఆగకుండా వెళ్లిపోయి, నోరు మెదపకూడదని ఒట్టేసుకున్న నలుగురి కథ. వాళ్లు చేసిన పని మనకి త్వరగానే తెలిసిపోతుంది. అది తెలిసిన వాడెవడో మాత్రం తెలియదు. 1997 సినిమా దాన్ని కొక్కెం పట్టుకుని చంపేవాడి కథగా మార్చేసింది, అది వేరే గోల.

రెండో జబ్బు, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే సీన్లు. పోలీసు కనబడితే చెమటలు, టీచర్ పిలిస్తే వణుకు. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన మైఖేల్ స్లెపియన్ బృందం 2017లో ప్రచురించిన పరిశోధన ఇందుకు భిన్నంగా చెప్పింది. ఎదుటివాళ్ల ముందు గుట్టు దాచుకోవాల్సి వచ్చే సందర్భాల కంటే, దాచే పనే లేనప్పుడు మనసు దానిమీదికి పోయే సందర్భాలే చాలా ఎక్కువట. మనిషి కుంగుబాటుకి ముడిపడి ఉన్నది కూడా ఆ రెండోదే. కాబట్టి పోలీసు సీన్లు రెండు తగ్గించి, ఆ పిల్ల పళ్లు తోముకునేటప్పుడు ఏమవుతుందో రాయండి.

మౌనానికి కారణం కూడా మారుతూ పోవాలి. మొదటి వారం ఉండేది శిక్ష భయం. నెల తిరిగేసరికి "ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదు?" అన్న ప్రశ్నకే భయం. అప్పుడు మౌనమే రెండో తప్పవుతుంది. చాలా నవలల్లో మొదటి అధ్యాయంలోని భయమే ఇరవయ్యో అధ్యాయంలోనూ ఉంటుంది, అందుకే మధ్యలో చప్పబడతాయి. "తప్పు చేశాను" అనుకునే పిల్ల దిద్దుకునే దారి వెతుకుతుంది. "నేనే చెడ్డదాన్ని" అనుకునే పిల్ల ముఖం చాటేస్తుంది. మొదటి దాన్నుంచి రెండోదానికి జారే రోజు ఏదో రచయితకి తెలిసుండాలి.

రాసేవాళ్లు ముందు ఒక పట్టిక గీసుకోండి: ఎవరికి తెలుసు, ఎప్పట్నుంచి, ఎంతవరకు, వాళ్లకి చెప్పిన అబద్ధం ఏది. ఐదుగురు ఉంటే ఐదు కథనాలు. ఈ పట్టిక లేకే, ఎవరూ చెప్పని సంగతి పన్నెండో అధ్యాయంలో చెల్లికి తెలిసిపోయి ఉంటుంది.

ఇక ఫోన్. వాట్సాప్‌లో తన వరకే చెరిపేసుకుంటే అవతలివాళ్ల ఫోన్‌లో మెసేజ్ అలాగే ఉంటుంది. అందరికీ పోయేలా డిలీట్ చేస్తే, చేసినట్టు గుర్తు మిగులుతుంది. ఒకే రాత్రి చాట్‌లో వరుసగా నాలుగు డిలీట్ గుర్తులు స్నేహితురాలి కంటపడ్డాయనుకోండి, డైరీ దొరికే పాత సీన్ కంటే పదిరెట్లు పదును. పైగా ఆ స్నేహితురాలు అడగకుండా ఊరుకుంటే తనూ ఆ గుట్టులో భాగస్వామే.

ఒప్పుకునే సీన్ దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. ఏడుపు, కౌగిలింత, "పర్లేదులే తల్లీ". దెబ్బ తిన్నవాళ్లే దెబ్బ కొట్టినదాన్ని ఓదార్చాలా? ఏం చేసిందో, ఎప్పుడో, ఎందుకు దాచిందో చెప్పించండి, "కానీ" అన్న మాట రానివ్వకండి. ఈ సీన్ 300 పేజీల నవలలో 290వ పేజీలో పెడితే తర్వాతి సంగతులకి చోటే ఉండదు. 220 దగ్గర పెట్టండి. ఆ తర్వాతే కదా పోలీసులకిచ్చే వాంగ్మూలం, స్కూల్లో మాట్లాడటం మానేసిన స్నేహితులు, ఎన్నిసార్లు చేసినా ఫోనెత్తని, దెబ్బ తిన్న పిల్లాడి తల్లి. చాలామంది రచయితలు సరిగ్గా అక్కడే పెన్ను మూసేస్తున్నారు.