ఉగాది స్టాల్లో పిండాల ర్యాంకులు

మొన్న అమెరికాలోని మన తెలుగు సంఘం ఉగాది వేడుకలో పచ్చడి కౌంటర్ పక్కనే ఒక స్పాన్సర్ స్టాల్ పెట్టారు. ఐవీఎఫ్‌కి వెళ్లే జంటలకు ఏ పిండం తెలివైనదో జన్యు స్కోరు చూసి చెబుతారట. అదే సమయానికి వేదిక మీద ఒక పెద్దాయన "చదువు మన డీఎన్‌ఏలోనే ఉందండీ" అంటే హాలంతా చప్పట్లు. పంచాంగంలో రాజపూజ్యం, అవమానం విని నవ్వుకుని భోజనాలకు లేస్తాం. ఈ స్కోరుకు మాత్రం డాలర్లు కట్టి, ఆరోగ్యంగా ఉన్న పిండాలనే పక్కన పెట్టిస్తాం.

ఆ స్కోరు ఎలా తయారవుతుందో చూడండి. ఐదో రోజున పిండం పైపొర నుంచి ఐదారు కణాలు తీస్తారు. ఆ కాస్త డీఎన్‌ఏ పరీక్షకు చాలదు కాబట్టి దాన్ని పెంచాలి. పెంచేటప్పుడు ఒక్కోచోట రెండు ప్రతుల్లో ఒకటి కనబడకుండా పోతుంది. ఆ ఖాళీలను తల్లిదండ్రుల జన్యుక్రమం చూసి పూరిస్తారు. తర్వాత వేల చోట్లనున్న చిన్న తేడాలకు తలా ఒక బరువు, అంటే ప్రాధాన్యాన్ని చెప్పే అంకె, వేసి కూడతారు. ఆ బరువులు తేల్చిన అధ్యయనాల్లో పాల్గొన్నవాళ్లు చాలావరకు యూరప్ మూలాలవారే. మన దాకా వచ్చేసరికి అంచనా ఇంకా బలహీనపడుతుంది. జెరూసలేం హీబ్రూ యూనివర్సిటీ పరిశోధకులు 2019లో వేసిన లెక్క ప్రకారం, పది పిండాల్లో మేటిది ఎంచుకున్నా సగటు లాభం ఐక్యూలో రెండున్నర పాయింట్లు. చాలా జంటలకు పది చేతికి రావు. పైగా చదువు స్కోరును పెంచే తేడాల్లో కొన్నింటికి బైపోలార్ అనే మానసిక వ్యాధి ముప్పుతోనూ సంబంధముంది. స్టాల్ బ్రోచర్లలో ఈ మాట ఎందుకుంటుంది లెండి.

ఇక ఆ చప్పట్ల సంగతి. హెచ్1బీకి డిగ్రీ ఉండాలి. చదువుకున్నవాళ్లనే ఏరి తెచ్చుకున్న దేశంలో వాళ్ల పిల్లలు చదివితే, అది రక్తం గొప్పా, వడపోత గొప్పా? 2018లో ఐస్‌లాండ్ అధ్యయనం ఒకటి, తల్లిదండ్రుల నుంచి బిడ్డకు సంక్రమించని జన్యువులు కూడా బిడ్డ చదువు మీద ప్రభావం చూపుతాయని తేల్చింది. బిడ్డలో ఆ జన్యువే లేనప్పుడు పనిచేసింది ఇంటి వాతావరణం. స్పెల్లింగ్ బీ కోసం రోజూ పదాల జాబితా పట్టుకుని పిల్లల పక్కన కూర్చునే తల్లుల ఓపికను డీఎన్‌ఏ ఖాతాలో రాసేయడం అన్యాయం.

జన్యు చికిత్సలే వద్దనడం లేదు. 2023 డిసెంబరులో అమెరికా అనుమతించిన, సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి చికిత్సలో రోగి సొంత రక్త మూలకణాలనే సవరిస్తారు. ఆ మార్పు పిల్లలకు పోదు. 2018లో చైనాలో హే జియాన్‌కుయ్ పిండాలనే సవరించాడు. అది తరతరాలకూ పోయే మార్పు, పుట్టబోయేవాళ్లను అడిగే వీలు లేదు. అతనికి మూడేళ్ల జైలు పడింది.

మనం నిజంగా పట్టించుకోవాల్సిన జన్యువులు వేరే ఉన్నాయి. ఆర్యవైశ్యుల్లో సూడోకోలినెస్టరేస్ ఎంజైము లోపం ఇతరులకంటే చాలా ఎక్కువ. ఆపరేషన్‌కు ముందు కండరాలను సడలించడానికిచ్చే సక్సినైల్‌కోలిన్ మందును రక్తంలో విరగ్గొట్టేది ఈ ఎంజైమే, అందుకే దాని ప్రభావం మామూలుగా పది నిమిషాల్లో పోతుంది. ఈ లోపం ఉన్నవాళ్లకు గంటలతరబడి కండరాలు కదలవు, సొంతంగా ఊపిరి రాదు, అంతసేపూ వెంటిలేటర్ మీదే ఉంచాలి. గోత్రం వేరైతే చాలనుకుంటాం. మూలపురుషులు కొద్దిమందే అయిన చోట, గోత్రాలు వేరైనా ఇద్దరిలోనూ అదే లోపం దాగి ఉండవచ్చు. మేనరికమైతే చెప్పనే అక్కర్లేదు.

కార్యవర్గానికి నా విన్నపం ఒక్కటే: వచ్చే ఉగాదికి ఆ బల్లను క్యారియర్ పరీక్షలకు, అంటే పైకి కనబడకుండా లోపాన్ని మోస్తున్నవాళ్లను పట్టే పరీక్షలకివ్వండి. ఆర్యవైశ్య కుటుంబాలకు సూడోకోలినెస్టరేస్ రక్తపరీక్ష. లోపం తేలితే సక్సినైల్‌కోలిన్, అలాగే కండరాలను సడలించే మైవాక్యూరియం వద్దని రాసిన కార్డు పర్సులో ఉండాలి, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ కూడా పరీక్ష చేయించుకోవాలి. పెళ్లికి సిద్ధమవుతున్నవాళ్లకు తలసీమియా అనే వంశపారంపర్య రక్తవ్యాధి పరీక్ష. రక్తంలో హిమోగ్లోబిన్ ఏ2 అనే రకం 3.5 శాతం దాటితే క్యారియర్ అని అనుమానించాలి. ఐరన్ తక్కువుంటే ఆ అంకె కిందికి దిగి మోసం చేస్తుంది, కాబట్టి ముందు ఐరన్ సరిచేసుకుని మళ్లీ చూడాలి. స్టాల్ అద్దె పోతుందంటారా, సావనీర్‌లో ఇంకో రెండు పేజీల ప్రకటనలు వేసుకోండి.