వాగ్దానం కార్డు ఒక్కటే చాలదు

డిసెంబరు 31 రాత్రి మన తెలుగు క్రైస్తవ సంఘాల్లో చాలాచోట్ల బైబిల్ వాగ్దానాలు రాసిన కార్డుల పళ్లెం తిరుగుతుంది. కళ్లు మూసుకుని ఒక కార్డు తీస్తాం, ఆ ఏడాదికి అదే మన వచనం. మంచి అలవాటే. కానీ ఆ రాత్రి దేవుని దగ్గర పుచ్చుకోవడమే తప్ప ఆయన చేతిలో మనం పెట్టేది ఏదీ ఉండటం లేదు. అది పెట్టేదాకా మన భయాలు మనల్ని వదలవు.

ఇందుకు పాత పద్ధతి ఒకటుంది, నిబంధన ఆరాధన: మమ్మల్ని నీ చేతికి అప్పగించుకుంటున్నామని సంఘమంతా కలిసి దేవునికి మాట ఇవ్వడం. 1755 ఆగస్టు 11 సాయంత్రం లండన్ స్పిటల్‌ఫీల్డ్స్‌లోని ఫ్రెంచి చర్చిలో మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ నిబంధన మాటలు వినిపిస్తే, సుమారు 1800 మంది సమ్మతిగా లేచి నిలబడ్డారు. నిలబడటమే వాళ్ల ఆమెన్. తర్వాత మెథడిస్టులు దాన్ని కొత్త సంవత్సరం మొదట్లో చేసుకోవడం ఆనవాయితీ అయింది. మెదక్ కెతీడ్రల్ కట్టించింది ఆ వెస్లియన్ మిషన్ వాళ్లే, కాబట్టి ఇది మనకు పరాయిది కాదు.

ఆ ప్రార్థనలో ఒక మాట ఉంది: నీ కోసం నన్ను పనిలో పెట్టినా సరే, పక్కన పెట్టినా సరే. అమెరికాలో హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే మామూలుగా దొరికే గడువు మహా అయితే 60 రోజులు. అలాంటప్పుడు ‘పక్కన పెట్టినా సరే’ అన్న మాట గొంతు దాటి రాదు. వచ్చిందా, ఆ మనిషి అప్లికేషన్లు అంతే శ్రద్ధగా పెడతాడు, లాయరుతో మాట్లాడతాడు, ఊళ్లో అమ్మకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పగలుగుతాడు. ఉద్యోగం పోయిందే గానీ తాను పోలేదని తెలుస్తుంది. లోబడటంలో ఉన్న స్వేచ్ఛ అంటే ఇదే.

దీనికి వారం ముందే కాగితం తీసుకుని కూర్చోవాలి. ‘ప్రభువా, అంతా నీదే’ అని రాస్తే ఏమీ ఇచ్చినట్టు కాదు. ‘తమ్ముడితో పొలం తగాదా’, ‘అమ్మాయి కాలేజీ సీటు’ అని పేరు పెట్టి రాయాలి, రెండు మూడు చాలు. దాని పక్కనే మనకేం కావాలో కూడా దాచకుండా రాయాలి. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ముందు ఆ శ్రమల గిన్నె తొలగించమనే అడిగాడు, ఆ తర్వాతే నీ చిత్తం అన్నాడు. అదీ మూడుసార్లు ప్రార్థించాడు. మనకు ఒక్కసారికే మనసు ఒప్పకపోతే సిగ్గుపడాల్సిన పని లేదు.

చెడేది ఎక్కడంటే, ‘ఇది ఇస్తే అది చేస్తా’ అని రాసిన చోట. అది మొక్కు, నిబంధన కాదు. అంతకన్నా ప్రమాదం, దేవునికి లోబడటం అంటే సంఘ కాపరికి, అంటే పాస్టరుకి, లోబడటమే అని నేర్పడం. వీసా, పెళ్లి సంబంధం, బ్యాంకు ఖాతా ఎవరో ప్రవచనం చెప్పి నిర్ణయిస్తున్నారంటే అక్కడ లోబడింది మనిషికే. ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడపిల్లతో ‘లోబడి ఉండమ్మా’ అనడం పాపం. ఆమెను ముందు ఆ ఇంట్లోంచి బయటికి తేవాలి.

ఈసారి 31 రాత్రి వాగ్దానాల పళ్లేనికి ముందు ఇరవై నిమిషాలు ఇందుకు ఉంచండి. నిబంధన మాటలు తెలుగులో నెమ్మదిగా చదివి, రెండు నిమిషాలు మౌనంగా ఉండి, ఒప్పుకునేవాళ్లు లేచి నిలబడాలి, ఆ తర్వాత ప్రభురాత్రి భోజనం. కాగితాలు ఎవరివి వాళ్ల బైబిల్లోనే ఉండాలి, పోగు చేయకూడదు. ఇంకా సిద్ధపడనివాళ్లు కూర్చునే ఉంటారు, వాళ్లవైపు ఎవరూ తిరిగి చూడకండి.