మహారాజశ్రీ ముప్ఫై అయిదు గారికి

మహారాజశ్రీ ముప్ఫై అయిదు గారి దివ్యసముఖమునకు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. టైర్ల సంగతి మాత్రం అడక్కండి.

రావులపాలెం నుంచి భీమవరం దాకా ఏ పంక్చరు కొట్టు ముందు ఆగినా, "గాలి ఎంత కొట్టమంటారండీ?" అన్న ప్రశ్నకు జవాబు మీరే, ముప్ఫై అయిదు పీఎస్ఐ (టైరులో గాలి ఒత్తిడిని కొలిచే లెక్క). కారుకీ మీరే, బైకుకీ మీరే, ధాన్యం ఎక్కిన చిన్న ట్రక్కుకీ మీరే. డ్రైవరు తలుపు తీస్తే అంచున మీకు పోటీగా నిలబడ్డ స్టిక్కరొకటి ఉంటుంది. ముందు టైరుకెంత, వెనక టైరుకెంత, ఖాళీగా ఎంత, నిండా ఎక్కితే ఎంత, అన్నీ చెబుతుంది. పాపం, దానికి డిపాజిట్టు కూడా దక్కదు.

ధాన్యం బస్తా 75 కిలోలు. పదేస్తే 750. అందులో ఎక్కువ భాగం వెనక ఇరుసు మీదే పడుతుంది. దాన్ని మోసేది రబ్బరు కాదండీ, లోపలి గాలి. అది చాలకపోతే టైరు పక్కగోడ ప్రతి చుట్టుకీ నలిగి లేస్తుంది, కాగుతుంది, చివరికి లోపలి పొరలు విడిపోతాయి. రోహిణి కార్తె ఎండలో ఆ పని ఇంకా తొందరగా అవుతుంది. టైరు రెండు అంచులూ అరిగిపోతే గాలి తక్కువని, నడిమి భాగమే అరిగితే ఎక్కువని గుర్తు. సరుకు దింపేశాక కూడా బరువుకు పెట్టిన గాలితోనే తిరిగితే, కాలవగట్టు గుంతల్లో వెనక చక్రాలు ఎగిరెగిరి పడతాయి, తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే జారతాయి.

తమరి వల్ల కాని చోట్లు చాలా ఉన్నాయి. లోడు లారీ టైరు 100 దాటి అడుగుతుంది. జంట చక్రాల్లో లోపలి టైరు వాల్వు చేతికందదు కాబట్టి దాని మొహం ఎవరూ చూడరు. అది నీరసిస్తే దాని వాటా బరువు కూడా బయటి టైరే మోయాలి. ట్రాక్టరు వెనక టైరుకు దుక్కిలో 12–14 చాలు. అక్కడికి మీరు వేంచేస్తే పట్టు దొరక్క చక్రం ఉన్నచోటే తిరుగుతుంది.

టైరు మీద అచ్చేసిన పెద్ద అంకె ఉందే, మీ అన్నగారు, ఆయన చెప్పేది గరిష్ఠ పరిమితి. అంత కొట్టమని కాదు. ఇక మామూలు గాలికి బదులు కొట్టే నైట్రోజన్ బావగారికి వేరే రేటు. మామూలు గాలిలో ఆయన 78 శాతం ఊరికే ఉన్నారు.

కొలత పొద్దున్నే, బండి కదలకముందే చూడాలి. లేదా మూడు గంటలు ఆగి ఉన్నాక. ఎండలో తోలుకొచ్చి, నాలుగైదు పెరిగిందని తీయించేస్తే, చల్లారాక ఆ మేరకు తక్కువే మిగులుతుంది. కొట్టువాడి గేజి ఎన్నిసార్లు కింద పడిందో దేవుడికెరుక. సొంతది ఒకటి డాష్‌బోర్డులో ఉంచుకోవాలి.

స్టిక్కరు మీద తమరి పేరే ఉన్న బళ్లు కొన్ని లేకపోలేదు. వాటి వరకు నిశ్చింతగా ఏలుకోండి. మిగతావాటి దగ్గరికి పిలిచినా రావద్దు.

ఇట్లు,
లోపలి టైర్ల తరఫున ఒక బండివాడు