వెనక కుక్క లేదు, ముందు బస్సు లేదు, మరి ఎందుకీ పరుగు?

పరిగెత్తి పాలు తాగే కన్నా నిలబడి నీళ్లు తాగడం మేలని మన పెద్దలు ఎప్పుడో తేల్చేశారు. అందులో దారులు రెండే ఉన్నాయి గమనించండి, పరిగెత్తినవాడికి పాలు, నిలబడ్డవాడికి నీళ్లు. పరిగెత్తి కూడా నీళ్లే తాగే జనం ఒకరోజు పుట్టుకొస్తారని, ఆ నీళ్ల కోసం నెలల ముందే ఆన్‌లైన్‌లో ఫీజు కట్టి, దారిలో అందించిన గ్లాసులో సగం తాగి సగం నెత్తిన పోసుకుని, గ్లాసు రోడ్డు మీద పడేసి మళ్లీ పరిగెడతారని పాపం వాళ్లకు తట్టలేదు. తట్టి ఉంటే సామెతకు ఇంకో లైను కలిపేవారు, మనకీ గొడవ ఉండేది కాదు.

ఏటా ఆగస్టు చివర్లో హైదరాబాద్ మారథాన్ అని ఒకటి జరుగుతుంది. ఆదివారం పూట, తెల్లవారకముందే, వేల మంది నెక్లెస్ రోడ్డు దగ్గర పోగై గచ్చిబౌలి స్టేడియం దాకా పరిగెడతారు. వెనక ఎవరూ తరమడం లేదు. గచ్చిబౌలిలో ఎవరికీ అర్జెంటు పనీ లేదు. అసలు వాళ్లలో చాలామంది ఉండేదే ఆ చుట్టుపక్కల, కొండాపూర్‌లోనో నానక్‌రామ్‌గూడలోనో. అంటే చీకట్లో లేచి, క్యాబ్ కట్టించుకుని, డబ్బులిచ్చి హుస్సేన్ సాగర్ దాకా వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ ఇంటి వైపుకి పరిగెత్తుకుంటూ వస్తారన్నమాట. మధ్యలో ఫ్లైఓవర్లు ఎక్కుతారు, దిగుతారు, మళ్లీ ఎక్కుతారు. ఇంత జరుగుతున్నా ఒక్క విచారణ కమిటీ లేదు.

అందుకే బాధ్యత గల పౌరుడిగా ఆ పని నేనే నెత్తినేసుకున్నాను. పరిగెత్తేవాళ్లు ఎందుకు పరిగెడుతున్నారో, వాళ్లు చెప్పేదేమిటో, చెప్పనిదేమిటో విచారిస్తున్నాను. విచారణ అంతా కూర్చునే జరిగింది, టిఫిన్ సెంటర్ ముందు ప్లాస్టిక్ కుర్చీలో. పరిగెత్తినవాళ్లందరూ చివరికి వచ్చేది అక్కడికే కాబట్టి ఇంతకన్నా మంచి కార్యాలయం దొరకదు.

మొదట అధికారిక కారణం, షుగర్. మన ఇళ్లలో ఏ పనికైనా కారణం ఉండి తీరాలి. "ఊరికే" అనేది కారణం కాదు, అది నేరాంగీకారం. పొద్దున్నే ఐదింటికి షూస్ వేసుకుని లిఫ్టు దగ్గర నిలబడ్డ మనిషిని పక్క ఫ్లాట్ ఆయన "ఎక్కడికి బావగారూ ఇంత పొద్దున్నే?" అని అడుగుతాడు. "షుగర్ బార్డర్‌లో ఉందండీ, డాక్టర్ చెప్పాడు" అంటే వెంటనే ముఖంలో గౌరవం, కాస్త జాలి, ఒక కాకరకాయ రసం చిట్కా. అదే "ఏం లేదండీ, పరిగెడితే బాగుంటుంది" అంటే ఒక్క క్షణం మౌనం, తర్వాత గొంతు తగ్గించి "ఇంట్లో అంతా బాగానే ఉంది కదా?"

హెచ్‌బీఏవన్‌సీ అనే రక్తపరీక్షలో 5.7 వస్తే బార్డర్ మొదలు, 6.5 వస్తే షుగరే. ఈ రెండింటి మధ్య ఉన్నవాడిదే అసలైన అదృష్టం. సాధారణంగా మందులుండవు, పథ్యం అంతంతమాత్రం, పరిగెత్తడానికి మాత్రం పూర్తి లైసెన్సు. చిక్కేమిటంటే ఇది తనను తాను రద్దు చేసుకునే లైసెన్సు. శ్రద్ధగా పరిగెడితే ఆ అంకె దిగుతుంది. నా విచారణలో ఒక పెద్దమనిషి తగిలాడు, బ్యాంకు ఉద్యోగి, రిపోర్టు నార్మల్ వచ్చిందట. సంతోషించాల్సిందిపోయి మనిషి చాలా టెన్షన్‌గా ఉన్నాడు. కదిలిస్తే చెప్పాడు, ఆ రిపోర్టు ఇంకా ఇంట్లో చూపించలేదట. చూపిస్తే "హమ్మయ్య, ఇంక ఆ పరుగు మానేసి కాసేపు పడుకోండి, లేదా పిల్లాణ్ణి ట్యూషన్‌లో దింపండి" అంటారట. పాత రిపోర్టు ఫ్రిజ్ మీదే ఉంది, కొత్తది ఆఫీసు డ్రాయర్లో. మనుషులు రోగాన్ని దాచుకోవడం విన్నాను గానీ ఆరోగ్యాన్ని దాచుకున్నవాణ్ణి చూడటం అదే మొదటిసారి. నా అనుమానం బలపడింది అక్కడే. వీళ్లు చెప్పే కారణం ఒకటి, లోపలున్నది ఇంకోటి.

బరువు తగ్గడానికి అనేవాళ్ల సంగతి త్వరగా తేల్చేయొచ్చు. మనిషి పరిగెడితే కిలోమీటరుకు, ఒంటి బరువు కిలోకి దాదాపు ఒక క్యాలరీ ఖర్చవుతుంది. అంటే డెబ్భై కిలోల మనిషి ఐదు కిలోమీటర్లు పరిగెత్తి సంపాదించేది 350. ఆ మనిషే నా ఎదురుగా కూర్చుని నెయ్యి కారం దోశ, దానికి ముందు ఒక ప్లేటు ఇడ్లీ వడ, దాని తర్వాత చక్కెర ఎక్కువేసిన టీ లాగించి "పర్లేదు, పరిగెత్తాం కదా" అంటాడు. ఈ లెక్కలో నష్టమెవరికో ఆయనకు తెలియదనుకోకండి, ఇంజినీరు, తెలుసు. అయినా మర్నాడు మళ్లీ వస్తాడు. అంటే బరువు కూడా కారణం కాదు.

ఇక స్ట్రావా బాపతు. పరుగుల లెక్క రాసిపెట్టే ఆ యాప్‌లో నమోదు కాని పరుగు అసలు జరగనట్టేనని నమ్మేవాళ్లు. వాచీలో చార్జింగ్ అయిపోతే ఆగిపోయి నడుచుకుంటూ ఇంటికి వెళ్లేవాళ్లు, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కూడా అక్కడక్కడే గంతులేసేవాళ్లు, మెడల్‌ని పళ్లతో కొరుకుతూ ఫొటో దిగేవాళ్లు. వీళ్లని నేను పెద్దగా తప్పుపట్టను. గృహప్రవేశానికి కూడా ఫినిషర్ టీషర్ట్ వేసుకొచ్చిన బంధువు నాకూ ఒకడున్నాడు. కాకపోతే స్టేటస్ పెట్టడానికి నలభై రెండు కిలోమీటర్లు పరిగెత్తాల్సిన పని లేదు, గోవా వెళ్లినా సరిపోతుంది.

నలభై రెండంటే గుర్తొచ్చింది. మారథాన్ దూరం కచ్చితంగా 42.195 కిలోమీటర్లు. ఈ చిల్లర ఎందుకో అని ఫీజు కట్టేవాళ్లలో ఎంతమంది అడిగారు? క్రీస్తుపూర్వం 490లో మారథాన్ యుద్ధం గెలిచిన వార్తను ఏథెన్స్‌కి మోసుకొచ్చిన గ్రీకు సైనికుడు, కథ ప్రకారం, ఆ మాట చెప్పి అక్కడికక్కడే పడి చచ్చిపోయాడు. బుద్ధున్న జాతి దీన్నుంచి నేర్చుకోవాల్సింది గుర్రం కొనుక్కోవాలని. జనం నేర్చుకున్నది ఇంకోటి, 1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో దాన్నే పోటీగా పెట్టేశారు, అప్పుడు దాదాపు 40 కిలోమీటర్లు. తర్వాత 1908లో లండన్‌లో జరిగినప్పుడు విండ్సర్ కోటలో బయల్దేరి స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటు ఎదురుగా ముగియాలన్నారు. అలా కొలిస్తే వచ్చిందే ఈ అంకె, 1921లో దాన్నే ఖాయం చేసేశారు. అంటే గచ్చిబౌలి స్టేడియం కనుచూపు మేరలోకి వచ్చాక, తొడలు పట్టేసి, ఇంకా రెండు కిలోమీటర్లుందని ఏడుపొస్తున్న మన కుర్రాడు బాధపడుతున్నది బ్రిటిష్ రాజకుటుంబం సౌకర్యం కోసం. స్వాతంత్ర్యం వచ్చి ఇన్నేళ్లయింది. దీని మీద ధర్నా చేయాల్సినవాళ్లు దీనికే ఫీజు కడుతున్నారు.

మా బ్లాక్‌లో ఒకావిడ ఉంది. రోజూ ఐదింటికి పాల ప్యాకెట్ కోసమని కిందికి వెళ్తుంది. పాల బూత్ గేటు పక్కనే, ఆవిడ తిరిగొచ్చేది ఐదూ నలభైకి. చున్నీ నడుముకు బిగించి కట్టి, కాలనీ వెనక రోడ్డులో చెరువుగట్టు దాకా పరిగెత్తి, వచ్చేటప్పుడు బూత్ దగ్గర శ్వాస సర్దుకుని, చున్నీ విప్పి సరిచేసుకుని, రెండు ప్యాకెట్లు తీసుకుని పైకి వస్తుంది. పరిగెత్తి పాలు అన్న సామెతను అక్షరాలా ఆచరిస్తున్న మనిషి నాకు తెలిసి ఆవిడొక్కతే, కాకపోతే ఆ పాలు కూడా ఆవిడ తాగదు, ఇంట్లో అందరికీ కాఫీ కలుపుతుంది. పరుగు సంగతి ఇంట్లో తెలుసో లేదో నేను అడగలేదు. తెలిస్తే ముందుగా వచ్చే ప్రశ్న "ఇంట్లో చేసే పని చాలట్లేదా" అన్నది. ఇందులో మనవాళ్లు మరీ వెనకబడ్డారని బాధపడక్కర్లేదు. 1928 ఒలింపిక్స్‌లో ఆడవాళ్లు 800 మీటర్లు పరిగెత్తి అలిసిపోయి కనబడ్డారని ఆ పోటీనే ఎత్తేశారు, మళ్లీ పెట్టింది 1960లో. ఆడవాళ్ల మారథాన్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1984లో. మగవాళ్లు అలిసిపోయి పడిపోతే అది వీరత్వం, మారథాన్ మొదలైందే ఒకడు పడి చచ్చిపోయాడన్న కథతో కదా.

నా దృష్టిలో సక్రమమైన కారణంతో పరిగెత్తేవాళ్లు ఒక్కరే, కానిస్టేబుల్ అభ్యర్థులు. తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. ఎంత స్పష్టంగా ఉందో చూడండి, ఎంత దూరం, ఎంతసేపు, చివర్లో ఏముంది, జీతం. వీళ్లకి ఖరీదైన కార్బన్ ప్లేట్ షూస్ లేవు, పరుగు మధ్యలో ఓపిక కోసం మింగే జెల్ ప్యాకెట్లు లేవు, నానబెట్టిన శనగలు, ఎవరో అప్పిచ్చిన షూస్ లాంటివే ఉంటాయి, ఉస్మానియా క్యాంపస్‌లోనో ఊళ్లో హైస్కూలు గ్రౌండులోనో తిరుగుతుంటారు. ఉద్యోగం వచ్చిన మర్నాడు పరుగు మానేస్తారు, ఐదేళ్లలో యూనిఫాం బెల్టుకి కొత్త బెజ్జం కొట్టిస్తారు. ఇది పద్ధతి. కారణం తీరింది, పరుగు ఆగింది. ఇంత నమ్మకంతో ఉన్న నాకు ఆ టిఫిన్ సెంటర్లోనే దెబ్బ తగిలింది. ఒక కానిస్టేబుల్, ఉద్యోగంలో చేరి చాలాకాలమైనవాడు, చెమటతో వచ్చి కూర్చున్నాడు. "ఇంకా ఎందుకయ్యా, ఉద్యోగం వచ్చింది కదా?" అన్నాను. "అలవాటైందన్నా. పొద్దుగాల పోకపోతే దినమంతా ఏదో పోగొట్టుకున్నట్టుంటది" అన్నాడు, నా వైపు చూడకుండా, చట్నీ ఇంకాస్త వేయించుకుంటూ.

ఫౌజా సింగ్ ఫైలు కూడా తెప్పించి చూశాను. పాస్‌పోర్టు ప్రకారం 1911లో పుట్టిన పంజాబీ రైతు. కళ్ల ముందే కొడుకు పోయాడు. ఆ దుఃఖం భరించలేక, ఎనభై ఏళ్లు దాటాక ఇంగ్లండులో పరుగు పట్టుకున్నాడు. 2000లో లండన్ మారథాన్, 2011లో, నూరేళ్ల వయసని చెప్పే ఏడు, టొరంటో మారథాన్. ఈ కారణాన్ని ప్రశ్నించే అధికారం నాకు లేదు, ఎవరికీ లేదు. కానీ దుఃఖం మొదలుపెట్టించిందనుకుందాం, 2013లో హాంకాంగ్‌లో చివరి పోటీ దాకా అన్నేళ్లు పరిగెత్తించింది కూడా అదేనా? ఫొటోల్లో ఆ ముసలాయన పసుపు తలపాగాతో, గాలికి ఎగిరే గడ్డంతో నవ్వుతూ కనబడతాడు. అది దుఃఖం ముఖమైతే నేను పరిశోధన మానేస్తాను.

చివరికి సైన్సునే అడుగుదామనుకున్నాను, అక్కడ ఇంకా ఘోరం. చాలాసేపు పరిగెడితే మెదడుకి అందే ఆ హాయికి కారణం, శరీరం తనంతట తాను తయారుచేసుకునే, గంజాయిలోని మత్తు పదార్థానికి చుట్టమయ్యే రసాయనాలని ఇప్పుడు చెబుతున్నారు. అంటే పొద్దున్నే ఆరింటికి కేబీఆర్ పార్కు చుట్టూ నెమళ్లు చూస్తుండగా ఏం జరుగుతోందో ఎక్సైజ్ శాఖ వారు అర్థం చేసుకోవాలి. 2014లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తల ప్రయోగం ఒకటి బయటికొచ్చింది. బోనులో ఎలుకలు చక్రం తిప్పుతాయి కదా, అది బోను విసుగు వల్లేమోనని, చక్రాన్ని తీసుకెళ్లి ఆరుబయట పెట్టి కెమెరా బిగించారు. అడవి ఎలుకలు వాటంతట అవే వచ్చి ఎక్కి పరిగెత్తాయి. పక్కన పెట్టిన తిండి తీసేశాక కూడా వచ్చాయి, పరిగెత్తాయి, దిగిపోయాయి. కప్పలు కూడా ఎక్కాయి. నత్తలు కూడా ఎక్కాయి, దాన్ని పరుగు అనొచ్చో లేదో నాకు తెలియదు గానీ ఉద్దేశం మాత్రం కనబడుతోంది. ఆ ఎలుకలకు షుగర్ లేదు, స్ట్రావా లేదు, పోలీసు నోటిఫికేషన్ లేదు. పక్క ఫ్లాట్ నుంచి "ఎక్కడికి బావగారూ" అని అడిగే ఎలుక కూడా లేకపోబట్టి ఏ రిపోర్టూ చూపించాల్సిన పని పడలేదు.

కాబట్టి పరిస్థితి మనం అనుకున్నదానికన్నా సీరియస్. వీళ్లంతా, ఆ బ్యాంకు ఉద్యోగి, పాల ప్యాకెట్ ఆవిడ, ఆ కానిస్టేబుల్, రోజూ ఓ నలభై నిమిషాలు ఎవరికీ ఏ పనికీ దొరకకుండా, ఫోను ఎత్తకుండా, ఎవరికీ సమాధానం చెప్పకుండా హాయిగా ఉంటున్నారు. అదీ ఉచితంగా. ఇలా వదిలేస్తే రేపు పాటలు పాడేవాళ్లు, ఈత కొట్టేవాళ్లు, మధ్యాహ్నం ఊరికే చెట్టు కింద కూర్చునేవాళ్లు కూడా తయారవుతారు.

ప్రభుత్వానికి నా విజ్ఞప్తి ఇది. ప్రతి పార్కు గేటు దగ్గర, విశాఖ బీచ్ రోడ్డులో కూడా, ఒక రిజిస్టర్ పెట్టాలి. పేరు, వయసు, వచ్చిన సమయం, కారణం. షుగర్, బీపీ, పోలీసు ఉద్యోగం, మూడు నెలల్లోపు పెళ్లి, ఈ నాలుగూ అంగీకరించాలి. "బాగుంటుంది కాబట్టి" అని రాసినవాళ్లని అక్కడే ఆపి, ఇంట్లో పెద్దల సంతకం, దాని మీద గెజిటెడ్ ఆఫీసర్ ధ్రువీకరణ తెమ్మనాలి. అంత పొద్దున్నే గెజిటెడ్ ఆఫీసర్లు ఎక్కడ దొరుకుతారని అడగకండి, కేబీఆర్ పార్కులో కావాల్సినంత మంది ఉంటారు. కాకపోతే సంతకం కావాలంటే వాళ్ల వెనక కాస్త పరిగెత్తాలి.