కారు అద్దాలకూ సైక్లిస్టు చెవులకూ పోలికేమిటి?

సైకిల్ తొక్కేవారి వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక సందేశం చక్కర్లు కొడుతోంది. అద్దాలు ఎక్కించుకుని, ఏసీ వేసుకుని, పాటలు పెట్టుకున్న కారు డ్రైవరును ఎవరూ ఏమీ అనరని, అతనికంటే ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్న సైక్లిస్టుకే బయటి చప్పుళ్లు ఎక్కువగా వినిపిస్తాయని, ఎడమ చెవిలో ఒక్కటే పెట్టుకుంటే ఏ ఇబ్బందీ లేదని, వినికిడి లేనివారూ సైకిల్ తొక్కుతున్నారని, చట్టంలో నిషేధం కూడా లేదు కాబట్టి వద్దనడం చాదస్తమని దాని సారాంశం. ఇందులో కొన్ని మాటలు నిజాలే. అందుకే మొత్తం నిజమనిపిస్తోంది.

కారు పోలికనే ముందు చూద్దాం. అద్దాలు బిగించిన కారులో ఉన్నవారికంటే, తక్కువ శబ్దంతో పాట వింటున్న సైక్లిస్టుకు ఎక్కువ వినిపించవచ్చునని ఒప్పుకుంటాను. అయితే కారు నడిపేవారికి వెనుక ఏం వస్తోందో చూపడానికి మూడు అద్దాలున్నాయి, దెబ్బ తగిలితే కాచుకోవడానికి చుట్టూ ఇనుప గోడలున్నాయి. మన దగ్గర తిరిగే సైకిళ్లలో చాలావాటికి ఒక్క అద్దమూ ఉండదు. మెడ తిప్పి వెనక్కి చూడబోతే భుజంతోపాటు హ్యాండిల్ కూడా కుడికి లాగుతుందని తొక్కేవారందరికీ తెలుసు. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతున్న సైకిల్‌ను, 60 కిలోమీటర్ల వేగంతో వెనుక వచ్చే వాహనం సెకనుకు సుమారు 11 మీటర్ల చొప్పున సమీపిస్తుంది. 50 మీటర్ల దూరంలో దాని చప్పుడు పసిగడితే నాలుగున్నర సెకన్లు మన చేతిలో ఉంటాయి; 15 మీటర్ల దాకా వినిపించకపోతే సెకనున్నర కూడా మిగలదు. పైగా, లారీల వెనుక ‘హారన్ ప్లీజ్’ అని రాసుకునే దేశం మనది. ఇక్కడ హారన్ ఒక్కోసారి తిట్టే అయినా, చాలాసార్లు ‘పక్కనుంచి పోతున్నాను, జరగకు’ అని చెప్పే మాట.

ఒంటి చెవి వాదం వినడానికి తెలివిగా ఉంటుంది: మనం ఎడమ పక్కన తొక్కుతాం, వాహనాలు కుడి నుంచి దాటుతాయి, కాబట్టి కుడి చెవి ఖాళీగా ఉంటే చాలునట. కానీ శబ్దం ఎటునుంచి వస్తోందో మెదడు తేల్చుకునేది ప్రధానంగా రెండు చెవులకూ అది చేరడంలో ఉన్న తేడానుబట్టి. ఆ తేడా గరిష్ఠంగా 0.7 మిల్లీసెకను ప్రాంతంలో ఉంటుంది. నమ్మకం కుదరకపోతే బాల్కనీలో కళ్లు మూసుకుని, ఒక చెవిలో వేలు పెట్టుకుని, కింద పోతున్న ఆటో ఎటు వెళ్తోందో చెప్పి చూడండి. ఎడమవైపు నుంచి ప్రమాదమే రాదన్నది మరీ వింత. రాంగ్ రూట్‌లో రోడ్డు అంచు పట్టుకుని వచ్చే బైకులు, సందుల్లోంచి దూసుకొచ్చే కుక్కలు అటే ఉంటాయి. ఒక తెల్లవారుజామున ఎడమ చెవిలో వార్తలు పెట్టుకుని పోతున్న నాకు, మూసివున్న టిఫిన్ సెంటరు పక్కన కుక్క గుర్రుమనడం వినిపించలేదు. పిక్క దగ్గర ప్యాంటు లాగినప్పుడే తెలిసింది. పంటి గాటు గుడ్డకే పడింది గానీ, కంగారులో నేను హ్యాండిల్‌ను నడిరోడ్డు వైపు తిప్పేశాను. ఆ క్షణాన వెనుక ఏ వాహనమూ లేకపోవడం నా అదృష్టం, నా జాగ్రత్త కాదు.

‘తక్కువ శబ్దం’ అన్న షరతు కూడా ఇంటి గేటు దాటేదాకానే నిలుస్తుంది. వేగం పెరిగేకొద్దీ చెవుల దగ్గర గాలి హోరు పెరుగుతుంది, దానితోపాటు వేలు వాల్యూమ్ మీదికి పోతుంది. నాయిస్ క్యాన్సలింగ్ ఉన్నవైతే ఇంకా ప్రమాదం: అవి బాగా అణచివేసేది ఎడతెగని లోగొంతు శబ్దాలను, అంటే సరిగ్గా వెనుక వచ్చే ఇంజన్ల, టైర్ల చప్పుడును. చెవిని మూయకుండా ఎముక ద్వారా వినిపించే రకం వీటన్నిటికంటే మేలు. అయినా ఫోన్‌లో వాదులాడుతున్నవారి ధ్యాసను అది రోడ్డు మీదికి తెచ్చిపెట్టలేదు.

వినికిడి లేనివారి ఉదాహరణ ఇక్కడ అతకదు. వారు రోజూ కంటితోనే రోడ్డును చదవడం అలవాటు చేసుకున్నవారు. పుట్టుకతో వినికిడి లేనివారు కంటిచివరి కదలికలను బాగా పసిగడతారని పరిశోధనల్లో తేలింది. చెవుల మీద ఆధారపడి బతికే మనిషి గంటసేపు వాటిని మూసుకున్నంత మాత్రాన ఆ నేర్పు రాదు.

ఇక చట్టం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం లెక్కలో మామూలు సైకిల్ మోటారు వాహనం కాదు కాబట్టి, అందులో దీని ప్రస్తావన లేకపోవడం అనుమతి కిందికి రాదు. ఫ్రాన్సులో 2015 జూలై నుంచి సైకిల్ మీద ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే 135 యూరోల జరిమానా ఉంది. కాలిఫోర్నియాలో రెండు చెవులూ మూసుకోవడం నిషిద్ధం. నెదర్లాండ్స్‌లో పాటలు వినవచ్చు కదా అంటారు. నిజమే, కానీ అక్కడ ఊరూరా సైకిళ్లకు వేరే దారులున్నాయి. మనకు అలాంటిది హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్, పైన సోలార్ పలకల కప్పుతో. దాని మీద ఎవరైనా మెల్లగా పాట వింటూ తొక్కితే, వెనుకవారి బెల్లు వినిపించేంత వరకు నాకు పేచీ లేదు. ఆ ట్రాక్ ఎక్కడానికి నార్సింగి దాకా బస్సుల మధ్య తొక్కుకుంటూ వచ్చేవారు మాత్రం ఇయర్‌ఫోన్స్‌ను ట్రాక్ ఎక్కాకే డబ్బీలోంచి తీయాలి.